భోగిపళ్ళ కథలో పిల్లాడి గొంతులో శనగగింజ ఇరుక్కునే సీను, ఎలా రాయాలి?

సత్యనారాయణపురం_అమ్మ:

అందరికీ నమస్కారం అండి. మాది విజయవాడ సత్యనారాయణపురం. మా అపార్ట్‌మెంట్ పిల్లల కోసం సంక్రాంతికి చేత్తో రాసిన గోడపత్రిక పెడతాం, దానికి ఈసారి భోగిపళ్ళ మీద కథ రాస్తున్నా. కథలో రెండేళ్ళ బాబుని పీట మీద కూర్చోబెడతారు, పేరంటాళ్ళు ఒక్కొక్కరే వచ్చి రేగిపళ్ళు, చిల్లర, చెరుకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిపూల రేకులు కలిపి దోసిట్లోకి తీసుకుని మూడుసార్లు దిష్టి తిప్పి తల మీద పోస్తుంటారు, ఆ హడావుడిలో వాడు ఒళ్ళో పడ్డ శనగగింజ తీసి నోట్లో వేసుకుంటాడు, అది గొంతులో ఇరుక్కుంటుంది. నేనేం రాశానంటే వాడు గట్టిగా దగ్గుతాడు, మొహం ఎర్రబడుతుంది, కళ్ళమ్మట నీళ్ళు కారతాయి, నాయనమ్మ మాడు మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారే వీణ్ణి" అంటుంది, నీళ్ళు తాగిస్తారు, గింజ దిగిపోతుంది, మళ్ళీ పాటలు మొదలవుతాయి.

మా పక్కింట్లో ఒక సిస్టర్ ఉంటారు, ఆసుపత్రిలో పిల్లల వార్డులో చేస్తారు. చదివి, "అక్కా, ఇది పొలమారడం. గొంతులో అడ్డం పడితే ఇలా ఉండదు. ఇది చదివినోళ్ళు దగ్గు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు" అంది. అప్పట్నుంచి ఆ పేజీ ముందుకి కదలట్లేదు నాకు.

అందుకని రెండు విషయాలు అడుగుతున్నా. నిజంగా ఇరుక్కుంటే ఎలా ఉంటుంది, పక్కనున్నవాళ్ళు ఏం చేయాలి, ఇది తెలిసినవాళ్ళు చెప్పండి. రెండోది సాహిత్యం చదివినవాళ్ళకి: మన కథల్లో గొంతుకి ఏదన్నా అడ్డం పడిందంటే ఎంతసేపూ దుఃఖమే, గొంతు పూడుకుపోయింది, మాట పెగల్లేదు, ముద్ద దిగలేదు, ఇవే కదా. నిజంగా ఒక వస్తువు ఇరుక్కున్న కథలు ఉన్నాయా? పిల్లలు చదివేది కాబట్టి భయపెట్టకూడదు, అలాగని తప్పు కూడా రాయకూడదు.

గుంటూరు_పిల్లల_డాక్టర్:

మీ పక్కింటి సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం అండి. మీ కథలో బాబు గట్టిగా దగ్గుతున్నాడు, అంటే గాలి ఆడుతోందనే లెక్క. దగ్గు వస్తున్నా ఏడుపు వస్తున్నా మనం చేయాల్సింది వాణ్ణి కాస్త ముందుకు వంగేలా కూర్చోబెట్టి దగ్గనివ్వడమే, పక్కనుంచి కదలకుండా చూస్తూ ఉండటమే, ఆ దగ్గు కంటే బాగా పనిచేసేది మన చేతిలో ఏదీ లేదు. భయపడాల్సింది చప్పుడు ఆగిపోయినప్పుడు. దారి పూర్తిగా మూసుకుపోతే చప్పుడే ఉండదు. నోరు తెరుస్తాడు, ఏడవబోతాడు, ఏడుపు రాదు. కళ్ళు పెద్దవి చేసి చూస్తాడు, డొక్కలు లోపలికి లాక్కుపోతాయి, పెదాలు పాలిపోయి తర్వాత నీలంగా మారతాయి. ఆక్సిజన్ అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది, కాబట్టి 108 వచ్చేదాకా ఆగే టైం కాదది. ఒకరు ఫోన్ చేస్తుంటే ఇంకొకరు పని మొదలుపెట్టాల్సిందే.

ఏడాది లోపు పిల్లలైతే మన ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, దవడ పట్టుకుని, తల ఒంటి కంటే కిందకి ఉండేలా చూసి, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి కింది భాగంతో 5 సార్లు గట్టిగా కొట్టాలి, రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఎముక మీద 5 సార్లు నొక్కాలి, బయటికి వచ్చేదాకా ఇలా మార్చి మార్చి చేస్తూనే ఉండాలి. ఏడాది లోపు పిల్లలకి పొట్ట నొక్కకూడదు, లివర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఏడాది దాటిన పిల్లలకి ముందుకు వంచి వీపు మీద 5 దెబ్బలు, ఆ తర్వాత వెనక మోకాళ్ళ మీద కూర్చుని, పిడికిలి బొడ్డుకి కాస్త పైన పెట్టి రెండో చేత్తో దాన్ని పట్టుకుని లోపలికీ పైకీ ఒకేసారి 5 సార్లు లాగాలి. పొట్ట నొక్కే ఈ పద్ధతిని 1974లో హెన్రీ హైమ్లిక్ అనే అమెరికన్ సర్జన్ ప్రచారంలోకి తెచ్చాడు. అప్పట్లో ఆయన వీపు మీద కొట్టొద్దనేవాడు గానీ, 2025లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో వీపు దెబ్బలు ముందు, ఆ తర్వాతే పొట్ట అని స్పష్టంగా ఉంది. పిల్ల స్పృహ తప్పితే గట్టి నేల మీద పడుకోబెట్టి సీపీఆర్ చేయాలి, అంటే ఛాతీ మీద 30 నొక్కుళ్ళు, నోటితో 2 శ్వాసలు, శ్వాస ఇచ్చే ముందు ప్రతిసారీ నోట్లోకి చూడాలి.

చేయకూడనివి మన ఇళ్ళల్లో ఎక్కువగా చేసేవే. నీళ్ళు పట్టొద్దు, అరటిపండో అన్నం ముద్దో మింగించొద్దు, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఊపొద్దు, కనపడనిదాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు. కంటికి కనపడితేనే తీయండి, లేకపోతే మన వేలే దాన్ని ఇంకా లోపలికి తోసేస్తుంది.

శనగగింజే ఎందుకు ఇరుక్కుంటుందని మీ కథలో పిల్లలు అడిగితే చెప్పడానికి: నమిలే దవడ పళ్ళు అన్నీ వచ్చేసరికి రెండున్నర మూడేళ్ళు పడుతుంది, వచ్చాక కూడా గట్టి గింజని పిండి చేసి మింగడం నాలుగేళ్ళ దాకా సరిగ్గా కుదరదు. ముందు పళ్ళతో కొరుకుతారు, ముక్క అలాగే వెనక్కి జారుతుంది, ఆ క్షణంలో నవ్వినా ఏడ్చినా గట్టిగా గాలి పీల్చుకుంటారు, దాంతోపాటే పోతుంది. అందుకే నాలుగేళ్ళ లోపు పిల్లలకి వేరుశనగ గుళ్ళు, శనగలు విడిగా పెట్టొద్దని అంటాం.

బ్రాడీపేట_తెలుగు_మాస్టారు:

అమ్మా, మీ రెండో ప్రశ్నకి నాకు తోచింది చెప్తాను. వస్తువు ఇరుక్కున్న కథలు బోలెడు ఉన్నాయి, ప్రపంచం నిండా ఉన్నాయి. జాతక కథల్లో ఒక సింహానికి ఎముక అడ్డం పడుతుంది, వడ్రంగిపిట్ట వచ్చి తీస్తుంది, ఎంత జాగ్రత్తగా తీస్తుందంటే ముందు సింహం నోరు మూసుకోకుండా రెండు దవడల మధ్య ఒక పుల్ల నిలబెట్టి అప్పుడు తల లోపలికి పెడుతుంది. అరేబియన్ నైట్స్‌లో గూనివాడి కథ ఉంది. దర్జీ భార్య సరదాకి వాడి నోట్లో పెద్ద చేప ముక్క కుక్కి మింగమంటుంది, ముల్లు అడ్డం పడి వాడు కూలిపోతాడు, చచ్చాడనుకుని ఒకరి తర్వాత ఒకరు ఆ శరీరాన్ని ఇంకొకరి గుమ్మంలోకి చేరవేస్తుంటారు, ప్రతివాడూ తనే చంపాననుకుంటాడు. చివర్లో ఒక మంగలి వచ్చి గొంతులోంచి ముల్లు లాగితే వాడు తుమ్మి లేచి కూర్చుంటాడు. అంత పెద్ద కథలో మంగలి వచ్చేదాకా ఒక్కరూ వాడి నోరు తెరిచి చూడలేదు, అది నాకు ఎప్పుడూ మనసులో ఉండిపోయింది.

స్నోవైట్ కథ మీ పిల్లలకి తెలిసే ఉంటుంది. సినిమాలో రాకుమారుడి ముద్దుతో లేస్తుంది గానీ గ్రిమ్ సోదరుల పుస్తకంలో ముద్దు లేదు. ఆ విషపు ఆపిల్ ముక్క గొంతులో ఉండిపోతుంది. 1812 నాటి మొదటి ముద్రణలో ఆ గాజు పెట్టె మోసి మోసి విసిగిపోయిన నౌకరు ఒకడు కోపంతో ఆ పిల్ల వీపు మీద ఒక్కటి చరుస్తాడు, ముక్క బయటపడుతుంది, లేచి కూర్చుంటుంది. తర్వాతి ముద్రణల్లో దాన్ని మార్చి, మోసేవాళ్ళు తట్టుకుని తూలితే ఆ కుదుపుకి బయటపడినట్టు రాశారు. డాక్టర్ గారు చెప్పిన వీపు దెబ్బ రెండు వందల ఏళ్ళ కిందటి కథలోనే ఉందన్నమాట.

మన దగ్గరికొస్తే గొంతు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది గరళకంఠుడు. పోతన గారి పద్యంలో ఉదరం లోకాలకి నిలయం అని ఎరిగి శివుడు ఆ విషాన్ని కంఠంలోనే ఆపుకున్నాడు, "సూక్ష్మ ఫలరసము క్రియన్" అంటాడు, అంటే ఏదో చిన్న పండు రసం నిలుపుకున్నట్టు. మింగకుండా, కక్కకుండా గొంతులో ఆపుకోవడం శివుడి శక్తి. పసిబిడ్డ గొంతుకి ఆ శక్తి లేదు, చిన్న పండు గింజే దానికి గరళం. ఆ పోలిక మీ కథలో వాడుకోవచ్చేమో చూడండి. ఇంకోటి యశోద. మన్ను తిన్నావా అని అడిగినప్పుడు కృష్ణుడు తినలేదంటాడు, కావాలంటే నా నోరు చూసుకో అంటాడు, ఆవిడ చూస్తుంది. లోపల బ్రహ్మాండం కనపడింది అన్నదే అందరూ చెప్పుకుంటారు గానీ, పిల్లాడు ఏదో నోట్లో వేసుకున్నాడని వినగానే నోరు తెరిపించి చూసిన తల్లి ఆవిడ.

ఇక మీ సీను సంగతి. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందని రాసేటప్పుడు మనం వెక్కిళ్ళు, పొడిమాటలు, దగ్గు ఇలా వినపడేవే రాస్తాం, చదివేవాడికి చెవిన పడాలి కాబట్టి. ఆ అలవాటే ఇక్కడ దెబ్బ కొడుతోంది. మీరు దాన్ని తిరగేయండి. ఇల్లంతా గోలగా ఉంది, పేరంటాళ్ళ పాటలు, రేగిపళ్ళు గచ్చు మీద దొర్లుతున్న చప్పుడు, చిల్లర గలగల, ఆ గోలంతట్లో చప్పుడు లేకుండా ఉన్నది పీట మీద పిల్లాడొక్కడే. ఆ నిశ్శబ్దాన్ని ముందు ఎవరు పసిగట్టారన్నదే మీ కథ.

పటమట_బామ్మ:

అమ్మాయ్, నా మనవరాలు టైపు చేసి పెడుతోంది. డాక్టరు గారు చేయకూడనివి చెప్పారు కదా, మాడు తట్టడం కూడా వాటిల్లో కలిపేస్తే నేనొప్పుకోను. మాడు మీద తట్టడం మా అత్తగార్ల నుంచీ వచ్చింది, పొలమారినప్పుడు తడితే పిల్ల బెదరకుండా నిదానించుకుంటుంది. అది చెడ్డది అనొద్దు. నీళ్ళ సంగతి మాత్రం ఒప్పుకుంటా, మా వీధిలో ఒక పిల్లకి గొంతుకి అడ్డం పడితే నీళ్ళు పోస్తే ముక్కులోంచి బయటికొచ్చాయి, ఆ పిల్ల బతికింది గానీ చూసినోళ్ళకి గుండె జారిపోయింది.

భోగిపళ్ళకి మా ఇంట్లో పద్ధతి ఉంది, కథలో పెట్టుకో. దిష్టి తీసిన పళ్ళు తినకూడదు అంటాం, పోసినవి పోసినట్టు ఊడ్చి బయట పారబోస్తాం, పిల్లల్ని ఒక్కటి ఏరుకోనివ్వం. చంటిపిల్లల్ని పీట మీద ఒంటరిగా కూర్చోబెట్టం, తల్లి ఒళ్ళోనే, తల్లి రెండు చేతులూ పిల్ల చేతుల మీదే ఉంటాయి. మా కోడలు ఇప్పుడు ఏడాది లోపు పిల్లలకి పూలరేకులూ అక్షింతలే పోయిస్తోంది, దిష్టి దానికీ పోతుంది. అక్షింతలు కూడా తర్వాత తల్లో, మెడ మడతల్లో, చొక్కా లోపల వెతికి దులపాలి.

ఇంకోటి రాయాలి. ఉగ్గు పట్టేటప్పుడు కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి ముక్కు మూసి పోయడం, నీళ్ళు పోసేటప్పుడు ముక్కులో నూనె చుక్కలు వేయడం, ఆముదం బలవంతంగా పట్టడం మా కాలంలో అందరూ చేసేవాళ్ళు. మా డాక్టరమ్మ అది ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేస్తుందని చెప్పింది, మా ఇంట్లో ఆపించేశా.

గుంటూరు_పిల్లల_డాక్టర్:

బామ్మగారూ, దగ్గు వస్తున్నంతసేపూ మాడు తట్టినా ఏం పర్లేదండి, పిల్లకి ధైర్యం. దగ్గు ఆగాక మాత్రం ఆ చెయ్యి మాడు మీంచి వీపుకి రావాలి. నూనె సంగతి మీరు రాసినందుకు చాలా సంతోషం, నూనెతో వచ్చే ఆ నిమ్ము తగ్గడానికి చాలా కాలం పడుతుంది.

తాడేపల్లి_అంగన్‌వాడీ:

మేడం నేను అంగన్‌వాడీ టీచర్ని, నా దగ్గరికి మూడు నాలుగేళ్ళ పిల్లలే ఎక్కువ వస్తారు. నాకు తెలిసిన ప్రమాదం తిండిలో కంటే తినే పద్ధతిలో ఉంది, పరిగెడుతూ తింటారు, పక్కవాణ్ణి నవ్విస్తూ తింటారు. ఉడికిన గుడ్డులో పచ్చసొన పొడిపొడిగా ఉంటుంది, మొత్తం ఒకేసారి నోట్లో కుక్కుకుంటారు, అందుకని నాలుగు ముక్కలు చేసి పక్కన నీళ్ళు పెట్టి కూర్చున్నాకే ఇస్తాను. చిక్కీ అయితే చిన్నోళ్ళకి రోట్లో దంచి పొడి చేసి ఇస్తా. ద్రాక్షపళ్ళు నిలువుగా కోస్తా, అడ్డంగా కోస్తే గుండ్రంగానే ఉంటుంది కదా. సీతాఫలం గింజలు, చింతపిక్కలు, రేగిగింజలు ఆయా సీజన్లలో జేబుల్లో వేసుకుని వస్తారు, పొద్దున్నే జేబులు చూస్తా. పుట్టినరోజు చేస్తే పగిలిన బెలూన్ ముక్కలు వెంటనే ఏరేస్తా, ఆ రబ్బరు గొంతుకి అతుక్కుపోతే వీపు మీద కొట్టినా రాదని ట్రైనింగ్‌లో చెప్పారు.

నాదొక డౌట్. పిల్లోడు గుడ్డో పల్లీనో తింటూ దగ్గి దగ్గి ఆగిపోయాడు, తర్వాత మామూలుగా ఆడుకుంటున్నాడు అనుకోండి, ఇంక ఏం కాదా? అలాగే చిల్లర మింగితే అరటిపళ్ళు పెట్టి చూడమంటారు, అది కరెక్టేనా?

గుంటూరు_పిల్లల_డాక్టర్:

మీ మొదటి డౌట్ చాలా పెద్ద విషయం అండి, ఈ థ్రెడ్డులో ఎవరైనా ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోవాలి. గింజ గొంతు దాటి కింద ఊపిరి గొట్టంలోకి, ఒక పక్క ఊపిరితిత్తిలోకి దిగిపోతే దగ్గు ఆగిపోతుంది. ఇంట్లోవాళ్ళు మింగేశాడనుకుంటారు. పల్లీ లోపల తేమకి ఉబ్బుతుంది, దాంట్లో నూనె చుట్టూ వాపు తెస్తుంది, కొన్ని రోజులకి జ్వరం, పిల్లికూతలు, ఒక పక్కే గాలి తక్కువ వినపడటం, నిమ్మని మందులు వాడతారు, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఎక్స్‌రేలో పల్లీ కనపడదు, రేగిగింజా కనపడదు, ఒక పక్క ఊపిరితిత్తి గాలి పట్టేసి ఉబ్బినట్టు ఉంటే అనుమానించాలి, ఒక్కోసారి ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. అందుకని డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు "ఫలానా రోజు పల్లీలు తింటుంటే ఉక్కిరిబిక్కిరి అయ్యాడు" అన్న ఆ ఒక్క వాక్యం చెప్పండి. మా చేతిలో ఉన్న ఏ మెషిన్ కంటే ఆ వాక్యమే మాకు దారి చూపిస్తుంది.

తీయడానికి బ్రాంకోస్కోపీ ఉంది, మత్తిచ్చి నోట్లోంచి గొట్టం పంపి తీస్తారు. 1897లో జర్మనీలో గుస్తావ్ కిలియన్ అనే డాక్టర్ ఒక రైతు ఊపిరి గొట్టంలోంచి ఎముక ముక్క అలా తీశాడు, దాంతోనే ఆ వైద్యం మొదలైంది. ఆ తర్వాత అమెరికాలో షెవాలియర్ జాక్సన్ అని ఒకాయన ఇలా తీసిన గుండీలు, పిన్నీసులు, గింజలు, బొమ్మ ముక్కలు అన్నీ పారేయకుండా దాచాడు, రెండు వేలకి పైగా ఉన్నాయి, ఫిలడెల్ఫియాలో మ్యూటర్ మ్యూజియంలో సొరుగుల్లో పెట్టారు. ఒక్కో సొరుగు లాగితే ఒక్కో రకం వస్తువు వరసగా ఉంటుంది.

నాణెం సంగతి వేరు. అది ఎక్కువగా అన్నం దిగే గొట్టంలో ఆగుతుంది, ఊపిరి ఆడుతుంది గానీ చొంగ కారుతుంది, మింగలేడు. అరటిపండు పెట్టొద్దు, ఏమీ పెట్టకుండా ఎక్స్‌రే తీయించండి. ఎందుకంటే అది నాణెమో బటన్ బ్యాటరీయో మనకి తెలీదు. బొమ్మల్లో, రిమోట్లలో, ఎల్ఈడీ దీపాల్లో ఉండే ఆ బిళ్ళ బ్యాటరీ గొట్టంలో ఆగితే రెండు గంటల్లో లోపల కాలిపోవడం మొదలవుతుంది. బ్యాటరీ అని గట్టిగా తెలిస్తే, మింగి 12 గంటలు దాటకపోతే, ఏడాది దాటిన పిల్లలకి దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇవ్వొచ్చు, కాలడం కొంత నెమ్మదిస్తుంది. తేనె కోసం వెతుక్కుంటూ ప్రయాణం మాత్రం ఆపొద్దు. ఏడాది లోపు పిల్లలకి తేనె వద్దు.

సత్యనారాయణపురం_అమ్మ:

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదండి. మాస్టారూ, మీరు చెప్పిన నిశ్శబ్దం నాకు తాళంచెవి అయింది. ఆ సీను మళ్ళీ రాశాను, చూడండి:

"పాట అందుకున్న అత్తయ్య గొంతు పైకి లేచింది. రేగిపళ్ళు గచ్చు మీద దొర్లి మంచం కిందకి పోయాయి. రూపాయి బిళ్ళ ఒకటి గిర్రున తిరుగుతూ ఉంది. నాయనమ్మ దోసిలి ఎత్తబోయి ఆగింది. వీడు ఇందాకటిదాకా ప్రతి దోసిలికీ కేరింతలు కొట్టాడు, ఈ దోసిలికి కొట్టలేదు. నోరు తెరిచే ఉంది. 'పాట ఆపండే' అంది. దోసిట్లోవి కింద పడేసి నోట్లోకి చూసింది, ఏమీ కనపడలేదు. వేలు పెట్టలేదు. వాణ్ణి ముందుకి వంచి, ఛాతీ కింద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో రెక్కల మధ్య చరిచింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకి శనగగింజ పీట మీద పడింది. వాడు బావురుమన్నాడు. ఆ ఏడుపు విని నాయనమ్మ కూడా ఏడ్చింది."

డాక్టర్ గారూ, తప్పులుంటే చెప్పండి. నాయనమ్మ చేతే చేయించాను, పెద్దవాళ్ళకి తెలీదన్నట్టు రాయడం నాకిష్టం లేదు.

గుంటూరు_పిల్లల_డాక్టర్:

చాలా బాగుందండి, మా వార్డులో తల్లులకి చదివి వినిపించాలనిపించింది. రెండు చిన్న మార్పులు. నాయనమ్మ పని మొదలుపెట్టగానే ఇంకొకరు 108కి ఫోన్ చేస్తున్నట్టు ఒక్క వాక్యం పెట్టండి. రెండోది, గింజ బయటపడ్డాక సాయంత్రం డాక్టర్‌కి చూపించినట్టు రాయండి, సగం గింజ లోపల ఉండిపోయిందేమో బయట నుంచి ఎవరూ చెప్పలేరు. పొట్ట నొక్కాల్సి వస్తే మాత్రం పిల్లాడు బానే ఉన్నా చూపించి తీరాలి.

పటమట_బామ్మ:

ఆ నాయనమ్మ నాకు నచ్చింది. ఫోన్ చేసేది తాతగారి చేత చేయించు, ఆయన ఊరికే కూర్చుని ఉంటాడుగా ఆ టైంలో.

తాడేపల్లి_అంగన్‌వాడీ:

మేడం, ఇది మా తల్లుల మీటింగులో చదవొచ్చా? చదివాక ఒక బొమ్మని ముంజేతి మీద పడుకోబెట్టి అందరి చేతా చేయిస్తా. రెడ్‌క్రాస్ వాళ్ళు ప్రథమ చికిత్స క్లాసులు పెడుతుంటారు, వీలైనవాళ్ళని అక్కడికీ పంపిస్తా.

సత్యనారాయణపురం_అమ్మ:

తప్పకుండా చదవండి అమ్మా, అడగాలా. తాతగారి ఫోనూ, సాయంత్రం డాక్టర్ దగ్గరికి వెళ్ళడం రెండూ కలిపి ఇవాళే మళ్ళీ రాసి ఇక్కడే పెడతా.